రెండో అల్మారా

నారాయణగూడ,
12 జూన్ 2011, ఆదివారం

వదినకు,

మంజుల దండం పెట్టి రాస్తున్న. భుజం నొప్పి ఎట్లున్నది? అనసూయమ్మ గారు కిరాయి ఇల్లు మళ్ళ సున్నం వేయిస్తనన్నరు కద, వేయించిండ్రా?

ఒక మంచి వార్త. ఇల్లు నా చేతికొచ్చింది. అశోక్ నగర్‌ల, గల్లీ లోపలికి, మూడో అంతస్తు. రెండు అర్రలు, వంటిల్లు, నిలబడి జుట్టు ఆరబెట్టుకునేంత బాల్కనీ. మొన్న తాళంచెవులిచ్చిండ్రు. ఆఫీస్ నుంచి సీదా పోయి తలుపు తీసిన. లోపల నిలబడితే ఏం చెయ్యాల్నో తోచలే. కూచుందామంటే కుర్చీ లేదు. దగ్గు వచ్చి దగ్గితే గోడలు కూడ దగ్గినయి. మళ్ళ తాళం వేసి హాస్టల్‌కే వచ్చిన.

నీకు తెలుసు కద, ఉద్యోగం వచ్చిన కాడి నుంచి నా సంసారమంత మంచం కింద ట్రంకు పెట్టె, గోడకు సగం అర. మిగతా సగం పక్క మంచం పిల్లది. ఆ పిల్లలు పరీక్షలు రాస్తరు, నౌకర్లు వస్తయి, పెండ్లిళ్ళయితయి, పోతరు. ఇంకో పిల్ల వస్తది. ఈ మధ్య వాళ్ళ పేర్లు కూడ కలిపి పిలుస్తున్న.

అందుకని నాకు ముందుగాల అల్మారా కావాలె. మంచం లేకున్న నేల మీద పండుకుంట. మా ఆఫీస్‌ల రోజా అని ఒక పిల్ల ఉన్నది, "మేడం, కార్పెంటర్‌ను పిలిచి గోడకు కొట్టించుకోండి, కొత్తగ నీట్‌గ ఉంటది" అన్నది. నాకు మనసు ఒప్పలే. ఎవరో ఇన్నేండ్లు వాడి వాడి నున్నగ అయిన కట్టె ఉంటది చూడు, అది కావాలె. ఇక్కడ చిక్కడపల్లిల పాత ఇండ్లు ఒక్కొక్కటే కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్నరు. ఆ ఇండ్లల్ల సామాన్ రాంనగర్ దిక్కు ఒక దుకాణంల పడుతది. రెండు ఆదివారాలు పోయి చూసొచ్చిన. అన్నీ మంచిగనే కనబడుతున్నయి. ఎట్ల ఎంచుకోవాల్నో సమజైతలేదు. ఇన్నేండ్ల బతుకుల నేను ఎంచుకున్న పెద్ద వస్తువు ఒక్కటి లేదు.

ఫోన్ చేస్తే నీకు వినరాదు. ఉత్తరమే రాయి. ఏం చూడాలె, ఏం అడుగాలె, వివరంగ రాయి.

నీ మంజుల

*

మెట్‌పల్లి,
20 జూన్ 2011

మంజులకు వదిన దీవించి రాస్తున్న.

ఉత్తరం పట్టుకోని మీ అన్న ఫోటో ముంగట నిలబడి చదివిన. "మీ చెల్లె ఇల్లు కొన్నది చూసినవా" అని చెప్పిన. గట్టిగ చెప్పిన్నట. అనసూయమ్మ ఉరికొచ్చి ఏమైందని అడిగింది. నా గొంతు నాకు తెల్వది కద.

ఇగ అల్మారా ముచ్చట. ముంగట అందరు నున్నగ చేస్తరు, నువ్వు ఎనుక చూడు. ఎనుక పలక మీద చెయ్యి పెట్టి నూకు, కదులద్దు. కాళ్ళ కాడ వంగి చూడు, సన్నటి మన్ను రాలిందంటే చెదలున్నట్టు, గసొంటి అల్మారా ముట్టుకోకు. సొరుగు పూరా బయటికి గుంజి లోపల వాసన చూడు. చెమ్మ వాసన వస్తే ఎంత పాలిష్ కొట్టినా పోదు. తలుపు తెరిచి ఇడువు. అదే మూసుకుంటుందా, తెరుచుకుంటుందా, నిలబడుతదా చూడు. మెట్ల మీదికెళ్ళి పట్టుతదో లేదో ముందే కొలుసుకో. మీ అన్న నా పెండ్లి బీరువా ఇదే కిరాయి ఇంటికి తెచ్చినప్పుడు దర్వాజల పట్టలే. దర్వాజ చుట్టున్న చౌకట పీకి లోపల పెట్టి మళ్ళ చౌకట పెట్టిండ్రు. మీ అమ్మ నన్ను చూసి "పిల్ల కంటే బీరువా ఘనం" అన్నది. నువ్వు అప్పుడు పదేండ్ల పోరివి. బీరువా లోపల దాసుకోని అన్నం టైమ్‌కు సుత బయటికి రాలే.

నా భుజం అట్లనే ఉన్నది. పైకి లేస్తలేదు. మీది అరల ఉన్నయన్ని కిందికి దించుకున్న.

చెల్లె లక్ష్మి ఆర్మూర్‌కు రమ్మని మళ్ళ కబురు చేసింది. "ఒక్కదానివి ఏం చేస్తవ్, మా ఇంట్ల ఉండు, పిల్లలను చూసుకున్నట్టుంటది" అని. నేను ఆలోచిస్త అన్న. ఆలోచించేది ఏమీ లేదు, నాకు పోబుద్ధి అయితలేదు. అక్కడ హాల్ల పండుకోవాలె. అందరు మాట్లాడుకుంటరు, నవ్వుతరు, నేను ముఖాలు చూసుకుంట కూచోవాలె. ఇక్కడనైతే ఎవ్వరు లేరు కాబట్టి వినకున్న ఫరక్ పడదు.

ఇల్లు సర్దుకున్నంక రాయి.

వదిన

*

అశోక్ నగర్,
17 జూలై 2011

వదినా,

ఈ ఉత్తరం మన ఇంట్ల కూచోని రాస్తున్న. కుర్చీ కొన్న!

నువ్వు చెప్పినట్టు ఎనుక పలకలు నూకుకుంట, సొరుగులల్ల ముక్కు పెట్టుకుంట దుకాణమంత తిరిగిన. దుకాణమాయన పేరు రాఘవేందర్ గారు. ముందు నవ్విండు, తర్వాత ఆయనే సొరుగులు గుంజి ఇచ్చుకుంట వెంబడి వచ్చిండు. ఒకటి అద్దం తలుపుది, మీద తీగలు చెక్కిన టేకు. ముచ్చటగ ఉన్నది గని అద్దంల మచ్చలు లేచినయి, నా ముఖం మీద ఎవరో ఇంకు చల్లినట్టు కనబడ్డది. అది వద్దనుకున్న. ఇంకోటి ఆకుపచ్చ ఇనుప బీరువా, మూస్తే రైలు డబ్బా తలుపు మూసినట్టు చప్పుడు. అది కూడ వద్దు.

ఆఖరికి రెండు తీసుకున్న. ఒకటి పొడుగుది, సాదాది, లోపల ఆరు అరలు. రెండోది పొట్టిది, వెడల్పుది. ఎవరో డాక్టర్ ఇంట్ల మందులు పెట్టుకున్నదట, తలుపులకు అద్దాలు. చెయ్యి పైకెత్తే పనే లేదు, కూచోని కూడ తీసుకోవచ్చు. సొరుగులు ముట్టుకుంటే చాలు వస్తయి. ఒక్కదానికి రెండెందుకు అని అడుగకు. తర్వాత చెప్త.

రాఘవేందర్ గారు స్వయంగ ఇంటికొచ్చి గోడలు, మెట్లు కొలిచిపోయిండు. మోసేతందుకు పాలమూరు దిక్కు వాళ్ళను పంపిండు, బీరయ్య అని ఒక పెద్దమనిషి, ఇంకా ముగ్గురు. పొడుగుది మెట్ల మలుపు కాడ ఇరికింది. కిందికి పోదు, మీదికి రాదు. రెండో అంతస్తు వాళ్ళు తలుపు తీసుకోని బయటికి రాలేక లోపలికెళ్ళి లొల్లి పెట్టిండ్రు. తలుపులు ఊడదీసి, అడ్డం తిప్పి, ఆఖరికి ఎక్కించిండ్రు. బీరయ్య కూచోని నీళ్ళు తాగుకుంట "ఇంట్ల ఎంతమంది ఉంటరు తల్లీ?" అని అడిగిండు.

"ఇద్దరం" అని చెప్పిన.

కావాల్ననే చెప్పిన వదినా. చెప్పి చూస్తే ఎట్లుంటదో అని. మంచిగనిపించింది.

ఇప్పుడు పొడుగు దాంట్ల నా బట్టలు పెట్టిన. రెండు అరలు కూడ నిండలే. పొట్టిది ఖాళీగ ఉన్నది, రోజు తుడుస్తున్న. సాయంత్రం ఆఫీస్ నుంచి వస్తే హాస్టల్‌ల ఏదో ఒక రేడియో, ఎవరిదో ఒక లొల్లి ఉంటుండె. ఇక్కడ నా చెప్పుల చప్పుడు నాకే వినబడుతది. అలవాటయితది లే.

మంజుల

*

మెట్‌పల్లి,
28 జూలై 2011

మంజులా,

నీ ఉత్తరం చదివిన. "ఇద్దరం" అన్న కాడ ఆగి మళ్ళ మొదటికెళ్ళి చదివిన.

నాకు సమజైంది బిడ్డా. సమజ్ కానట్టే ఉంట. నువ్వు నోరు తెరిచి చెప్పేదాక నేను అడుగ. నీ ఇష్టమే నా ఇష్టం. ఇంత ఆలస్యంగనా అని ఎవరన్న అంటే అననీ. మనకేంది? మీ అన్న ఉంటే సంబురపడుతుండె.

ఒక్కటి రాయి చాలు. గా రాఘవేందర్ గారు మనిషి ఎసొంటోడు? నమ్మదగినోడేనా? ఇంట్ల ఎవరెవరు ఉంటరు?

ఏం చేసినా శ్రావణంల చెయ్యి. మంచి రోజులున్నయి.

వదిన

*

అశోక్ నగర్,
14 ఆగస్టు 2011

వదినకు,

నీకు సమజైతదని నాకు తెలుసు. నేను దాచుదామనుకున్నది నువ్వు ఎప్పుడు దాచనిచ్చినవ్? స్కూల్‌ల మార్కులు కూడ నా ముఖం చూసే చెప్తుంటివి. కాదనలే చూడు, అదే నాకు పదివేలు. ఎన్నేండ్ల నుంచో అడుగుదామనుకుంట భయపడుతున్న. అన్న పోయిన కొత్తల ఒకసారి ఇసుమంత ఎత్తితే నువ్వు "లోకం ఏమంటది" అన్నవ్. అప్పటికెళ్ళి మళ్ళ ఎత్తలే. ఇప్పుడు ఇల్లున్నది, ఎవరేమన్న అననీ.

రాఘవేందర్ గారు మంచోడే. మోసం తెల్వదు. భార్య లేదు, కూతురు పెండ్లయి ముంబైల ఉన్నది, ఆ దుకాణమే ఆయన లోకం. నిన్న పొట్టి అల్మారా తలుపు జర పట్టేస్తున్నదంటే సాయంత్రం వచ్చి గీకి పోయిండు. చాయ తాగమంటే తాగిండు.

శ్రావణంల అయ్యేటట్టు లేదు. ఆఫీస్‌ల పని బాగ ఎక్కువున్నది. వినాయక చవితి పోయినంక నేనే మెట్‌పల్లి వస్త. ఉత్తరంల రాసే మాట కాదు ఇది. నీ ఎదురుంగ కూచోని పద్ధతి ప్రకారం అడుగుత. అన్న తర్వాత నాకు నువ్వే కద.

మంజుల

*

మెట్‌పల్లి,
1 సెప్టెంబర్ 2011, చవితి

మంజులా,

పొద్దున వినాయకుని ముంగట నీ పేరు చెప్పి మొక్కిన.

నన్ను అడిగేతందుకు నువ్వు అంత దూరం రావద్దు. నేను ఒప్పుకున్నట్టే. పెద్దదాన్ని అని నన్ను అంత గౌరవించినవ్, అదే చాలు.

నా గురించి ఫికర్ పెట్టుకుంటవేమో అని నేను ఒకటి తెంపు చేసుకున్న. ఆర్మూర్ పోతున్న. లక్ష్మికి వస్త అని చెప్పేసిన. అనసూయమ్మకు ఇల్లు ఖాళీ చేస్త అని సుత చెప్పిన. దసరకు ముందట లక్ష్మి కొడుకు వచ్చి తోలుకపోతడు. నాకు అక్కడ మంచిగనే ఉంటది. నలుగురు ఉంటరు.

కొత్త ఇల్లు, కొత్త సంసారం. నడుమ నేనెందుకు? ఒక మూలకు ఒక ముసలిది కూచోని ఉంటే ఎవరికి బాగుంటది? పెండ్లి బీరువా అనసూయమ్మకే ఇచ్చిన, ఆర్మూర్‌ల పెట్టే జాగ లేదు. దాన్ని తీసుకపోవాలంటే మళ్ళ చౌకట పీకాలె కద, అది అక్కడనే ఉండనీ.

నువ్వు సుఖంగ ఉండు. నాకు అంతకంటే ఏం వద్దు.

వదిన

*

అశోక్ నగర్,
18 సెప్టెంబర్ 2011

వదినకు,

నీ ఉత్తరం అందింది.

నువ్వు కాదంటవని అనుకోలే. ఉన్న బీరువా కూడ ఇచ్చేసి, ఇల్లు ఖాళీ చేస్త అని చెప్పినంక నేను అనేది ఏముంటది? లక్ష్మి నీ తోడబుట్టింది. నేను ఆడబిడ్డను. ఎవరి దగ్గర ఉండాలంటే నీకు మనసున్నదో అక్కడనే ఉండు.

వద్దామనుకున్న. ఇక్కడ తెలంగాణ కోసం సమ్మె షురూ అయింది, ఆఫీస్‌లన్నీ బంద్. పొద్దంత గేటు కాడ అందరితోని కూచుంటున్న. రేపటికెళ్ళి బస్సులు కూడ ఉండవంటున్నరు. అనసూయమ్మ గారి ఫోన్‌కు చేద్దామని నంబర్ కొట్టి మళ్ళ పెట్టేసిన. ఈ ముచ్చట ఇంకొకరి నోటితోని చెప్పించేది కాదు. చెప్పిచ్చినా ఇప్పుడేం లాభం?

మందులు మర్చిపోకు.

మంజుల

*

ఆర్మూర్,
8 అక్టోబర్ 2011

మంజులకు,

నీ ఉత్తరం ఇక్కడికి తిరిగి తిరిగి వచ్చింది. నువ్వు గిట్ల రాస్తవని అనుకోలే. నేను ఏం కాదన్న? మనసుల ఏదన్న ఉంటే నువ్వే రాయవు. ఆయనకు నేను రాసుడు ఇష్టం లేదేమో. గట్లయితే రాయ.

ఈసారి సద్దుల బతుకమ్మ ఇక్కడనే. అందరు పాడుతున్నరని చేతులు చూసి తెలుసుకున్న.

లక్ష్మి ఇంటి పక్కాయన కారుల హైదరాబాద్ పోతున్నడు. ఆయనతోని మూట పంపుతున్న. పసుపు, కుంకుమ, ఎర్ర అంచు పట్టుచీర, వెండి మట్టెలు. మీ అన్న నీ పెండ్లి కోసం ఎన్నడో కొనిపెట్టినయి. నేను ముట్టద్దని లక్ష్మి చేతులతోనే కట్టిచ్చిన. ఆ రోజు నన్ను పిలువకున్న నేనేం అనుకోను. నా అసొంటిది ఎదురు రాకుంటేనే మంచిది.

ఆయనకు నా నమస్కారాలు చెప్పు.

ప్రభావతి

*

అశోక్ నగర్,
16 అక్టోబర్ 2011

వదినా, నా వదినా,

మూట విప్పిన. మట్టెలు ఒళ్ళ పడ్డయి. ఎవరివో పొరపాటున వచ్చినయి అనుకున్న. తర్వాత నీ ఉత్తరం చదివిన. "ఆయనకు" అన్న కాడ నవ్వొచ్చింది. నవ్వి నవ్వి, ఎప్పటి నుంచి ఏడుస్తున్ననో నాకే తెల్వలే. పక్కింటామె వచ్చి తలుపు కొట్టింది.

పెండ్లి లేదు వదినా. పెండ్లికొడుకు లేడు. రాఘవేందర్ గారు అల్మారాలు అమ్ముకునే మనిషి. ఆయనకు ఈ సంగతి తెలిస్తే దుకాణం మూసుకోని పోతడు.

ఆ రెండోది నీకు. నీ భుజం లేవదని పొట్టిది తెచ్చిన. నువ్వు వంగలేవని కూచోని తీసుకునేది ఎంచుకున్న. "ఇద్దరం" అంటే నువ్వు, నేను. ఈ ఇంట్ల రెండు అర్రలున్నది చూసే ఈ ఇల్లు తీసుకున్న. లేకుంటే నాకు ఒక్కటి చాలదా?

నువ్వు "సమజైంది" అంటే నిన్ను రమ్మంటున్న సంగతి సమజైంది అనుకున్న. వస్త అన్నవనుకోని మురిసిన. తర్వాత ఆర్మూర్ అన్నవ్. చెల్లె కంటే నేను ఎక్కువ కాదు కద అనుకోని అట్ల రాసిన.

ముందే సాఫ్‌గ అడుగాల్సింది. భయపడ్డ. నువ్వు కాదంటే ఈ వయసుల నాకు ఇంకెవరున్నరు? అడుగకుంటే కనీసం ఆశ అన్న ఉంటది.

ఇప్పుడు అడుగుతున్న. వదినా, నా ఇంట్ల ఉండేతందుకు రా. కొన్ని రోజులకు కాదు. ఇంటి మనిషిగ. లోకం సంగతి నేను చూసుకుంట.

ఇంకోటి. నువ్వు ఎదురు రావద్దని ఇంకెప్పుడు రాయకు. నేను మొదటి జీతం పట్టుకోని ఇంటికొచ్చిన రోజు, నేను పట్నం బస్సెక్కిన రోజు, నాకు ఎదురొచ్చింది నువ్వే.

బస్సులు నడువంగనే వస్త. నడువకున్న జాబు రాయి.

మంజుల

*

ఆర్మూర్,
7 నవంబర్ 2011

బిడ్డా,

ఉత్తరం చదివి ముందు నాకు సిగ్గయింది. పాపం గా దుకాణమాయనకు నమస్కారాలు సుత పంపితి! చెప్పకు.

తర్వాత వంటింట్లకు పోయి నిలబడ్డ. ఎందుకు పోయిన్నో మర్చిపోయిన. రెండోది నాకోసమా? నేను నీ ఉత్తరాలల్ల గదే ఎతుకుతుంటి మంజులా. జూన్‌ల ఇల్లు కొన్న అని రాసినవ్ చూడు, చివరి దాక చదివి మళ్ళ ఎనుకకు తిప్పి చూసిన, "రా" అని ఎక్కడన్న రాసినవా అని. లేదు. లోకం ఏమంటది అన్నది నేనే గని, నువ్వు ఇంకొక్కసారి అడుగుతే వస్తుంటి. నాకు నేను ఎట్ల అడుగుత? మీ అన్న లేని ఇంట్ల నువ్వు నాకు ఏమైతవో ఏ పేరు పెట్టి అడుగాలె?

ఇప్పుడు అడిగినవ్. నేను రాలేను.

దీపావళి ముందట లక్ష్మి బచ్చలింట్ల స్నానం చేస్తుంటే జారి పడ్డది. తుంటి ఇరిగింది. నిజామాబాద్‌ల ఆపరేషన్ అయింది. కోడలు పొద్దున బడికి పోతది, సాయంత్రం వస్తది, పంతులమ్మ. లేపుడు, కూచోబెట్టుడు, స్నానం అన్ని నేనే. ఒక్క చేత్తోనే చేస్తున్న. పడ్డ మనిషిని ఇడిసిపెట్టి నేనెట్ల వస్త? నువ్వు సుత రమ్మనవు.

ఆ పొట్టి అల్మారాను అమ్మకు. ఖాళీగ ఉంచితే పురుగు పడుతది, నీ బట్టలన్న పెట్టు.

వదిన

*

అశోక్ నగర్,
1 ఏప్రిల్ 2012

వదినకు,

క్షేమంగ చేరినవని లక్ష్మి కొడుకు చెప్పిండు.

ఉగాదికని వచ్చి నువ్వు ఉన్నవి కొన్ని రోజులే. నువ్వు పోయినంక ఇల్లు మొదటి రోజు కంటే పెద్దగయింది. టీవీ నువ్వు పెట్టినంత గట్టిగనే పెడుతున్న. కింది వాళ్ళు మళ్ళ వచ్చి లొల్లి పెడుతరేమో, నలుగురితోని మాట్లాడినట్టుంటది అనుకున్న. వస్తలేరు. అలవాటు పడ్డట్టున్నరు.

నీ అల్మారాను కిటికీ పక్కకు జరిపినం కద, కాళ్ళ కింద గోనెసంచి వేసి, నువ్వు ఒక చేత్తోని, నేను రెండు చేతులతోని. నడుమల ఆగి ఇద్దరం నేల మీద కూచోని నవ్వినం. ఎందుకు నవ్వినమో ఇప్పుడు యాదికి వస్తలేదు. అక్కడ ఎండ పడుతున్నది, కట్టె రంగు పోతదని రాఘవేందర్ గారు అంటున్నరు. పోతే పోనీ. నువ్వు పెట్టిన కాడనే ఉంటది.

నువ్వు నీ చీరలు అరల పెట్టినప్పుడు నేను వంటింట్లకెళ్ళి చూసిన. పోయే నాడు ఒక్కొక్కటి తీసి మళ్ళ సంచిల పెట్టినప్పుడు చూడలే, బాల్కనీల నిలబడ్డ.

లక్ష్మి చేతికర్రతోని నడుస్తున్నదని నువ్వే చెప్పినవ్. నేనేం అంటలేను. అడిగిన మాట అడిగినట్టే ఉన్నది.

మంజుల

*

ఆర్మూర్,
22 ఏప్రిల్ 2012

మంజులకు వదిన దీవెనలు.

ఇక్కడ ఎండలు మండుతున్నయి. లక్ష్మి ఇప్పుడు గేటు దాక పోయి వస్తున్నది. నన్ను పట్టుకుంటలేదు. కర్ర పట్టుకుంటున్నది.

మొన్న అందరు అన్నం తింటున్నప్పుడు నేను చెప్పిన, "లక్ష్మీ, నాకు మంజుల తాన ఉండబుద్ధి అయితున్నది" అని. చెయ్యి ఆపి అందరు నా దిక్కు చూసిండ్రు. నాకు ఫలానాది కావాలె అని నేను ఎవ్వరిని అడిగింది లేదు, పుట్టింట్ల లేదు, అత్తింట్ల లేదు. నాకే కొత్తగున్నది.

లక్ష్మి పెదవులు చూస్తే "నేనేం తక్కువ చేసిన?" అంటున్నదని తెలిసింది.

"తక్కువ ఏం చేయలే. నువ్వు మంచిగనే చూసుకున్నవ్. నాకు అక్కడ ఉండబుద్ధి అయితున్నది, అంతే" అన్న.

ఆమె అన్నం సగం ఇడిసి లేచింది. నిన్నంత నా ముఖం చూడలే. కోడలు సైగలు చేసింది, "బాధపడుతున్నది, ఏడ్చింది" అని. నా చెల్లె ఏడిస్తే నేను పక్క అర్రల ఉండి వినలేదు చూడు. పోయి దాని మంచం పట్టె మీద కూచున్న. అది అటు దిక్కు తిరిగే పండుకున్నది గని, లేచి పో అని మాత్రం అనలే.

ఇయ్యాల పొద్దున నేను బట్టలు ఆరేసి లోపలికి వస్తే నా మంచం మీద సంచి ఉన్నది. అటకమీదికెళ్ళి కొడుకుతోని దింపిచ్చి, దుమ్ము దులిపి పెట్టింది. కోపంతోని పెట్టిందో, ప్రేమతోని పెట్టిందో నేను అడుగలే.

చీరలు మడతపెడుతున్న.

వదిన